‘రా’ అన్నదెవరు?

మిట్టమధ్యాహ్నం... పన్నెండు గంటలు!

మనిషి నీడ మనిషి పాదాల కిందికే దూరి దాక్కునే వేళ అది. అర్ధరాత్రి అంటే అందరికీ భయమే. తలుపులు బిగించుకుంటారు, దీపాలు పెట్టుకుంటారు. మిట్టమధ్యాహ్నానికి ఎవరూ భయపడరు. క్షుద్రోపాసకులకు కావలసింది సరిగ్గా అదే. నడినెత్తిన నిప్పులు చెరుగుతున్న సూర్యుడి కింద ఆ మహాసరస్సు అల లేకుండా, చప్పుడు లేకుండా, ఊపిరి బిగబట్టి పడి ఉంది... ఒడ్డున పాత పంపుహౌస్ కప్పు మీద మూడు గుడ్లగూబలు పట్టపగలు కళ్ళు విప్పుకుని కూర్చున్నాయి. మూడూ ఒకే వైపు చూస్తున్నాయి.

అవి చూస్తున్నది ఒడ్డు మీది రేకుల గదిని. ఈతకు వచ్చే ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది అది. తలుపు వెనక మేకులకు తువ్వాళ్ళు, బల్ల మీద నారింజరంగు టోపీలు, మూలన మునగకుండా నడుముకు కట్టుకునే గాలితిత్తులు. నేల మీద పరిచిన చాప మీద పంతొమ్మిదేళ్ళ చిట్టి ఒళ్ళు ఉన్నట్టుండి విల్లులా వంగింది. పొద్దున దువ్వి వేసిన పొడి జడలోంచి నీళ్ళు కారడం మొదలైంది. చల్లటి నీళ్ళు... నాచు వాసన కొట్టే సరస్సు నీళ్ళు!

"అక్కా," అంది చిట్టి.

ఆ గొంతు చిట్టిది కాదు. పిల్ల తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఈత టీచర్ని చిట్టి పెద్దమ్మా అంటుంది. అక్కా అని, అందులోనూ ఆ ‘క్కా’ని అలా సాగదీసి పిలిచే మనిషి ఆమెకు ఒక్కతే ఉండేది. చిట్టి తల్లి. ఇరవై రోజుల కిందట ఇదే సరస్సులో మునిగిపోయింది. ఈత టీచరు వెన్నులో చలి పాకింది. ఆ వెంటనే చలిని పక్కకు తోసి కోపం వచ్చి కూర్చుంది. ఇరవై రోజులుగా ఆమెకు తోడున్నది ఆ కోపమొక్కటే.

కోపం ఎందుకు ఉండదు? ఆమె చెల్లెలు ఈత రాని మనిషి కాదు. అక్కచెల్లెళ్ళిద్దరూ పాలపళ్ళు ఊడే వయసు నుంచీ ఈ నీళ్ళలోనే పెరిగారు. చెల్లెలు వెల్లకిలా తేలుతూ గంటల తరబడి కబుర్లు చెప్పేది. అలాగే కునుకు కూడా తీసేస్తుందని అందరూ ఏడిపించేవారు. అలాంటి మనిషి గాలి కూడా లేని రోజున, ఒడ్డు నుంచి పట్టుమని పాతిక గజాలు వెళ్ళకుండా మునిగిపోతే ఊరు ఏమంది? నుదుటి రాత అంది. ఆ వయసులో ఆడదానికి ఈతలేమిటంది. సరస్సు అప్పుడప్పుడూ ఒకరిని అడుగుతుందంది. ఎందుకు మునిగిందని అడిగినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు! నీళ్ళ ఆఫీసు ఇంజనీరు మాత్రం ఠంచనుగా వచ్చి, ‘ఈత నిషిద్ధం’ అని బోర్డు పాతి చేతులు దులుపుకున్నాడు.

ఈత టీచరు పద్ధతి వేరు. పన్నెండేళ్ళుగా ఆమె ఈ ఒడ్డున ఈత నేర్పుతోంది. ఒంటరిగా దిగకూడదు. చన్నీళ్ళలోకి ఒక్కసారిగా దూకకూడదు. మోకాళ్ళు, నడుము, మెడ వరసగా తడుపుకుంటూ దిగి, రొప్పు తగ్గేదాకా ఆగాలి. పంపుహౌస్ పాత గొట్టం నోటికి యాభై గజాల దరిదాపులకు పోకూడదు. ఇవన్నీ భయపెట్టడానికి చెప్పినవి కావు. చెవుల్లో నీళ్ళ గలగల తప్ప ఇంకేమీ వినపడని ఆ ప్రశాంతత ఉంది చూశారూ... ఒంటి బరువంతా ఎవరో ఎత్తుకున్నట్టుండే ఆ తేలిక... అది కడుపునిండా అనుభవించి, మళ్ళీ ఒడ్డుకు చేరి, తల తుడుచుకుని ఇంటికి పోవడానికి చెప్పినవి.

అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఒకటి ఉంది. దిగే ప్రతి మనిషీ ఒడ్డున కాపలా ఉన్న మనిషికి ‘వస్తా’ అని చెప్పాలి. కాపలా మనిషి మొహంలోకి చూసి ‘రా’ అనాలి. ఆ ‘రా’ వినపడేదాకా నీళ్ళలో కాలు పెట్టకూడదు. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు పోతున్నా అనకుండా వస్తా అంటాం కదా, ఆ మాటకు ఆమె ఒక జవాబుదారీ తగిలించింది, అంతే. ఆ రోజు కూడా చెల్లెలు చెప్పింది, "వస్తా అక్కా" అని. ఆ సమయంలో ఈత టీచరు, బోర్డు పెడతానంటూ వచ్చిన ఇంజనీరుతో గొడవ పడుతోంది. వెనక్కి తిరగలేదు. రా అనలేదు.

"అక్కా," అని మళ్ళీ పలికింది చిట్టి నోట్లోంచి ఆ గొంతు. "నువ్వే రా అన్నావనుకున్నా."

"నేను అనలేదే." ఈత టీచరు పిల్ల మొహం మీదికి వంగింది. "నేను ఆ ఇంజనీరుతో మాట్లాడుతున్నా. నువ్వు ఆగాల్సింది కదే."

"రా అని వినపడింది. అందుకే దిగా."

"మరి ఎవరన్నారు?"

చిట్టి కనుగుడ్లు తెల్లబడ్డాయి... పళ్ళు పటపట కొరికింది... పిల్ల చెయ్యి దానంతటదే గాల్లోకి లేచి రేకుల గోడ వైపు, ఆ గోడ అవతల ఉన్న పంపుహౌస్ వైపు చూపించింది.

"గొట్టంలోంచి అన్నాడు. ఇప్పుడు దీన్నీ రమ్మన్నాడు. వారం కిందట ఇది ఒడ్డున నిలబడి ఏడుస్తూ, నేనూ నీ దగ్గరికి వస్తానమ్మా అంది. వాడు వెంటనే రా అన్నాడు. ఇవాళ ఏడో రోజు అక్కా. నీడ జానెడు పొడుగయ్యేలోపు తీసుకుపోతాడు."

ఫెళ్ళున ఉరిమింది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు!

చిట్టి కాళ్ళ దగ్గర కూర్చున్న నర్సు ఉలిక్కిపడింది. ఆమె ఈత టీచరు దగ్గర నాలుగేళ్ళుగా ఈతకు వస్తున్న మనిషి. వారం రోజులుగా మధ్యాహ్నమయ్యేసరికి డ్యూటీ మార్చుకుని మరీ వచ్చి కూర్చుంటోంది. డాక్టర్లు పిల్లకు తల్లి పోయిన దిగులన్నారు, నిద్రమాత్రలిచ్చారు. పొడి జుట్టులోంచి నీళ్ళెందుకు కారుతున్నాయో వాళ్ళూ చెప్పలేదు, నర్సూ అడగలేకపోయింది.

"పంపుహౌస్‌లో ఉండేది బాబాయే కదా," అంది నర్సు నెమ్మదిగా.

అవును, పంపుల బాబాయి. ఆ పంపులు తిరగడం మానేసి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. బాబాయి మాత్రం తాళంచెవుల గుత్తితో అక్కడే ఉంటాడు. ఎవరు మునిగినా మొదట తాడు పట్టుకొచ్చేది ఆయనే. నీళ్ళతో పరాచికాలొద్దు తల్లీ అని ఏడ్చేవాళ్ళ తల నిమిరేదీ ఆయనే. యాభై ఏళ్ళ మనిషిలా నిగనిగలాడుతూ ఉంటాడు. ఈత టీచరు ఆయన్ని బాబాయి అంటుంది. ఆమె నాన్న కూడా బాబాయి అనేవాడు. నాన్నను కన్న తాతయ్య కూడా బాబాయి అనే పిలిచేవాడు! మూడు తరాలకు బాబాయైన మనిషి వయసెంతో లెక్కగట్టాలని ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు. వరస పెట్టి పిలవడం అలవాటయ్యాక ఇక ఆ మనిషి మొహం ఎవరు చూస్తారు. ఈత టీచరు పిల్ల తలను చాప మీదికి దించి లేచింది.

"దీన్ని గట్టిగా పట్టుకో. ఏం చేసినా నీళ్ళ వైపు వదలకు. నేను బాబాయిని పలకరించి వస్తా."

నర్సు ఆమె మొహంలోకి చూసింది. "రా," అంది.

పంపుహౌస్ ఇనప తలుపు ఓరగా తెరిచే ఉంది. లోపల చీకటి... చెమ్మ జాడ కూడా లేని పొడి చీకటి! మూడువైపులా నీళ్ళున్న ఆ కట్టడంలో నేల మీద అంగుళం మందాన బూడిద పేరుకుని ఉంది. తుప్పుపట్టిన పంపుల నడుమ నల్లటి పిండితో గీసిన మహామండలం, దాని కోణకోణానా బీజాక్షరాలు, మధ్యలో నేలలోంచి పైకి లేచిన గొట్టం మూతి. మనిషి దూరగలిగేంత వెడల్పు. మూతి చుట్టూ నల్లటి వత్తులు వెలుగుతున్నాయి. వాటి పొగ పైకి లేవకుండా గొట్టంలోకి దిగుతోంది... కాలిన కొవ్వు కంపు గుప్పుమంది. గోడ నిండా మేకులు, మేకు మేకుకీ ఒక వస్తువు. ఒంటి చెప్పు... కళ్ళజోడు... పగిలిన గాజు... పట్టీ తెగిన వాచీ... చిట్టచివరి మేకుకు చెల్లెలి నారింజరంగు టోపీ. దాని అంచు చిరిగితే తెల్లదారంతో కుట్టింది ఈత టీచరే.

మండలం అవతల నల్లబట్ట కట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ కూర్చుని ఉన్నాడు పంపుల బాబాయి.

"రా తల్లీ," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"నేను వస్తా అనలేదు. నీ రా నాకు పనిచెయ్యదు."

బాబాయి నవ్వాడు. "తెలివైనదానివే. నీ చెల్లెలు అంది కదా మరి. నేను పుచ్చుకున్నా."

"అది నాతో అంది."

"నువ్వు పలకలేదుగా అమ్మా. మాట ఎంతసేపని గాల్లో వేలాడుతుంది, ఎవరో ఒకరు అందుకోవాలి కదా. ఒంటరిగా వచ్చేవాళ్ళు వస్తా అని గట్టుకి చెప్పుకుంటారు, విప్పిన చెప్పులకి చెప్పుకుంటారు. ఊరికే అలవాటు. పలికేవాళ్ళు ఉండరు, నేను పలుకుతా. వాళ్ళకి మిగిలిన ఆయువు నాకు."

ఎంత శాంతంగా చెప్పాడు! పక్కింటాయన పెరట్లో కూరగాయల సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"ఎంతమందిని మింగావు ఇప్పటిదాకా?"

"నువ్వు ఈత నేర్పడం మొదలెట్టాక బాగా తగ్గారు." ఆ మాట అన్నప్పుడు మొదటిసారి కళ్ళు తెరిచాడు. కనుపాపలు లేవు... అవి ఉండాల్సినచోట రెండు నల్లటి నీటి చుక్కలు సుడి తిరుగుతున్నాయి! "ఒంటరిగా దిగొద్దు, ఒడ్డున మనిషిని పెట్టుకో, మొహం చూసి పలుకు. పన్నెండేళ్ళుగా నా కడుపు కొడుతున్నావు. అందుకే ఈసారి నీ ఇంట్లోంచే తీసుకున్నా. బోర్డు పెట్టమని ఇంజనీరు చెవిలో ఊదింది కూడా నేనే. బోర్డు పెడితే జనం మానేస్తారనుకున్నావా? దొంగచాటుగా వస్తారు, ఒక్కొక్కరే వస్తారు. నాక్కావలసింది అదేగా."

ఈత టీచరుకు కళ్ళు బైర్లు కమ్మాయి. భయంతో కాదు. ఒళ్ళంతా ఒకే ఒక్క మంట... వీడి పీక నొక్కెయ్యాలి! అడుగు ముందుకు వేసింది. పాదం నల్లగీతను తాకిందో లేదో, ఏదో అదృశ్యహస్తం ఆమెను గడ్డిపరకలా ఎత్తి తలుపుకేసి కొట్టింది. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది.

"గీత దాటితే గుండె పగిలి చస్తావు," అన్నాడు బాబాయి.

ఆమె తలుపు పట్టుకుని లేచి నిలబడింది. "నా చెల్లెలు ఎక్కడుంది?"

"దారిలో ఉంది. అందరూ దారిలోనే ఉన్నారు తల్లీ. వస్తామన్నారు, నేను రమ్మన్నాను. అలాగని ఇక్కడిదాకా రానిస్తే నేను బతుకుతానా? అందుకే గొట్టం అవతలి మూతి దగ్గర మా గురువుగారి తలను కాపలా కట్టాను. అది ఉన్నంతకాలం ఒక్కరు కూడా లోపలికి రాలేరు." గర్వం నాలుకను ఎలా జార్చేస్తుందో చూడండి... చెప్పకూడనిది చెప్పేశానన్న స్పృహ కూడా లేకుండా ముసిముసిగా నవ్వాడు. "నీకు తెలిస్తే మాత్రం ఏం చేస్తావులే. ఆ చుట్టుపక్కలకి ఎవరినీ పోనివ్వకుండా పన్నెండేళ్ళు నాకు కాపలా కాసిందే నువ్వు."

అదే సమయంలో ఒడ్డున నర్సు కేక వినపడింది. ఈత టీచరు బయటికి పరుగెత్తింది.

క్షణాల్లో లోకం మారిపోయింది. ఎక్కడినుంచి పుట్టుకొచ్చాయో కారుమేఘాలు ఆకాశాన్ని కప్పేశాయి... మెరుపులు సరస్సును నిలువునా చీల్చుతున్నాయి... గుడ్లగూబలు మూడూ రెక్కలు టపటపలాడిస్తూ వికృతంగా అరుస్తున్నాయి! చిట్టి ఇసుక మీద నిలబడి ఉంది. కాళ్ళు కదలడం లేదు, కానీ మనిషి నీళ్ళ వైపు సాగిపోతోంది. ఆమె నడుము పట్టుకున్న నర్సు వెనకే ఈడ్చుకుపోతోంది.

"వస్తా... వస్తా... వస్తా..." చిట్టి నోట్లోంచి ఒక గొంతు కాదు, పదుల గొంతులు!

పిల్లను పట్టుకోవాలా, గొట్టం దగ్గరికి పోవాలా? పట్టుకుంటే ఇద్దరూ పోతారు. వాడి పట్టు ఉన్నది చిట్టి నడుము దగ్గర కాదు, నీళ్ళ అడుగున. ఈత టీచరు రేకుల గది మూలనున్న గాలితిత్తిని లాక్కొచ్చి నర్సు వైపు విసిరింది.

"అది దాని నడుముకి కట్టు. నీళ్ళలోకి వెళ్ళగానే వెల్లకిలా తిప్పి, గడ్డం పైకెత్తి పట్టుకో. నువ్వు నడుము లోతు దాటొద్దు. దాన్ని లాగొద్దు, తేలేలా చూడు చాలు. నేను గొట్టం దగ్గరికి పోతున్నా... కాదు. వస్తా."

నర్సు చేతుల్లో చిట్టి గింజుకుంటోంది. మొహం మీద జుట్టు, కళ్ళలో ఇసుక. అయినా ఆ నర్సు తల తిప్పి, ఆమె మొహంలోకి నేరుగా చూసి, "రా," అంది.

ఆ అక్షరం ఇంకా గాల్లో ఉండగానే గొట్టంలోంచి, నీళ్ళ కింద నుంచి, పాతాళం లోతుల్లోంచి మరో గొంతు మోగింది. "రా..."

రెప్పపాటు ఆలస్యం! పంపుల బాబాయి కంటే నర్సు రెప్పపాటు ముందు పలికింది.

ఒళ్ళంతా దూకు దూకు అని పోరుతోంది. కోపంగా ఉన్నప్పుడు నీళ్ళలోకి దూకొద్దని ఎంతమందికి చెప్పిందో ఆమెకే లెక్క లేదు. దూకితే చలికి గుండె దడదడలాడి, ఊపిరి ఎగదన్ని, గుక్కెడు నీళ్ళు లోపలికి పోతాయి. వాడికి కావలసింది అదే కదా. మోకాళ్ళు తడిపింది. నడుము తడిపింది. మెడ తడిపి ఆగింది. పక్కనే చిట్టి అరుస్తోంది, నెత్తిన పిడుగులు పడుతున్నాయి, ఆమె మాత్రం కళ్ళు మూసుకుని ఊపిరి కుదుటపడేదాకా ఇరవై లెక్కపెట్టింది. జీవితంలో ఇంత కష్టమైన లెక్క ఆమె ఎన్నడూ పెట్టలేదు. ఆ తర్వాత ఈదింది.

గొట్టం దగ్గర నీళ్ళు మంచుకన్నా చల్లగా, నల్లగా, నిశ్చలంగా ఉన్నాయి. ఊపిరి పీల్చుకుని మునిగింది. రెండు బారల లోతున ఊచల తలుపు... ఊచల నడుమ... కపాలం! దాని నోట్లో ఇంకా పళ్ళున్నాయి. కంటిగుంతల్లోంచి రాగితీగలు పాకి ఊచలకు మెలికలు తిరిగి చుట్టుకుపోయాయి. నుదుటి మీద చెక్కిన అక్షరాలు నిప్పుకణికల్లా ఎర్రగా వెలిగాయి. ఆమె చెయ్యి చాచగానే కపాలం దవడలు తెరుచుకున్నాయి... అదే క్షణంలో చీకట్లోంచి చేతులొచ్చి ఆమెను పట్టుకున్నాయి. కాళ్ళను, నడుమును, మెడను... చల్లటి, మెత్తటి, ఎముకలు తగిలే చేతులు!

గింజుకోలేదు. నాచులో కాలు చిక్కితే లాగొద్దు, లాగితే బిగుస్తుంది, ఒళ్ళు వదిలెయ్, అదే జారిపోతుంది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకూ మొదటివారం చెప్పే పాఠం. ఆమె ఒళ్ళు వదిలేసింది. చేతులు అయోమయపడ్డాయి. ఇన్నేళ్ళలో తమను విదిలించుకోని మనిషిని అవి చూడలేదు. ఒక్కొక్కటిగా సడలాయి. అప్పుడు అర్థమైంది ఆమెకు, అవి లాగుతున్న చేతులు కావు. మునిగిపోతున్నవాళ్ళు దొరికినదాన్ని పట్టుకునే పట్టు అది. పాపం, ఇంకా మునుగుతూనే ఉన్నారు. ఎన్నేళ్ళ నుంచి మునుగుతున్నారో! వాళ్ళ మీద జాలి, వాడి మీద కోపం ఒకేసారి పొంగి ఆమె గుండె మండిపోయింది.

మొదటి మునకలో రెండు మెలికలు విప్పింది. ఊపిరి అయిపోకముందే పైకి వచ్చింది. రెండో మునకలో ఇంకో మూడు. వేళ్ళు కోసుకుపోయి నీళ్ళు ఎర్రబడ్డాయి. పైకి వచ్చినప్పుడు దూరంగా చిట్టి మొహం ఒక్కటే నీళ్ళ పైన కనిపించింది, దాని గడ్డం కింద నర్సు అరచెయ్యి. మూడో మునకలో ఆఖరి తీగ తెగింది. కపాలం ఆమె చేతుల్లోకి ఊడి వచ్చి, "వదలకే... వదలకే..." అని నీళ్ళలోనే గుర్రుమంది. దాన్ని ఊచలకేసి ఒక్కటి కొట్టింది. ఇంకొకటి, ఇది చెల్లెలి కోసం. ఇంకొకటి, గోడ మీది ఆ ఒంటి చెప్పు కోసం. కపాలం పెంకులు పెంకులుగా పగిలి బురదలో కలిసింది. తుప్పు ఊచలు వాటంతటవే విరిగి పక్కకు పడ్డాయి.

సరస్సు ఒక్కసారి ఊపిరి పీల్చింది.

"వస్తున్నాం..."

ఏడుగురో ఎనిమిదిమందో కాదు! పదులు... ఇరవైలు... ఊరికి గుర్తున్నవాళ్ళు, ఊరు ఎప్పుడో మరిచిపోయినవాళ్ళు. నల్లటి ప్రవాహంలా ఆమెను రాసుకుంటూ గొట్టంలోకి దూసుకుపోయారు. ఇచ్చిన మాట ప్రకారమే పోతున్నారు. వాడే కదా రమ్మన్నాడు!

ఆమె పైకి తేలేసరికి పంపుహౌస్ ఇనప తలుపు లోపలినుంచి ఉబ్బుతోంది. లోపల అరుపులు.

"రావద్దు... నేను పిలవలేదు... రావద్దు! వెనక్కి పోండి... రావద్దు!"

రమ్మని పిలవడమే తప్ప పొమ్మనే విద్య వాడు ఎన్నడూ నేర్చుకోలేదు. తలుపు పెళ్ళున ఊడి ఇసుకలో పడింది. నల్లమండలాన్ని, బూడిదను, వత్తులను కలిపి కొట్టుకుంటూ నీళ్ళు బయటికి దూకాయి. ఆ నీళ్ళ నడుమ పంపుల బాబాయి... ఒంటినిండా చేతులు! దొంగిలించిన ఆయువును ఎవరిది వాళ్ళు లాక్కుంటుంటే వాడు అందరి కళ్ళముందే అరవై అయ్యాడు, తొంభై అయ్యాడు, చర్మం ఎండి, ఎముకలు పొడై, నోరు మాత్రం ఆఖరిదాకా తెరుచుకుని ‘రా’ అనలేక ‘రావద్దు’ అనలేక... గుప్పెడు బురద మిగిలింది. పిడుగుపడి కప్పు కూలింది. గుడ్లగూబలు ఎటు పోయాయో ఎవరూ చూడలేదు.

గాలి ఆగిపోయింది. మబ్బులు విచ్చుకున్నాయి. ఈత టీచరు వణుకుతూ నడుము లోతుకు వచ్చి, నర్సు చేతుల్లోంచి చిట్టిని అందుకుంది. పిల్ల వెల్లకిలా తేలుతోంది. ఊపిరి ఆడుతోంది. కానీ కళ్ళు తెరిచి నవ్విన నవ్వు చిట్టిది కాదు.

"అక్కా," అంది చెల్లెలి గొంతు. "వాళ్ళందరూ వాడి దగ్గరికి పోయారు. నేను పోలేదు. నేను మాటిచ్చింది నీకు కదా. రా అను. అంటే వచ్చేస్తా."

ఈత టీచరు పెదవులు ఆ అక్షరం కోసం తెరుచుకున్నాయి. ఇరవై రోజులుగా నిద్రలో, మెలకువలో, పళ్ళు తోముకుంటూ, అన్నం ముందు కూర్చుని ఆ ఒక్క అక్షరాన్నే కదా ఆమె వెనక్కి వెళ్ళి పలకాలనుకున్నది!

"వస్తే ఎక్కడుంటావే?" అని అడిగింది.

"ఇక్కడే." చిట్టి చెయ్యి లేచి చిట్టి గుండెను తాకింది. "చోటు ఒక్కటే ఉందక్కా. నేనుంటే ఇది ఉండదు. వస్తానన్నా కాబట్టి నా అంతట నేను ఆగలేను. ఇదిగో, వచ్చేస్తూనే ఉన్నా. నువ్వే ఏదో ఒకటి చెప్పు."

చిట్టి ఒళ్ళు చల్లబడుతోంది. పెదవులు నీలంగా మారుతున్నాయి. నర్సు నాడి పట్టుకుని చూసి, ఈత టీచరు వైపు తల అడ్డంగా ఊపింది.

ఎవరినైనా సాగనంపేటప్పుడు వెళ్ళిరా అంటాం. పని మీద వెళ్ళే మనిషినీ, అలిగి వెళ్ళే మనిషినీ, గుమ్మం దాటి వీధి చివరికి వెళ్ళే మనిషినీ కూడా. వట్టి వెళ్ళు అనే మాట ఆమె తన చెల్లెలితో పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనలేదు, చిన్నప్పుడు జుట్లు పట్టుకుని కొట్టుకున్నప్పుడు కూడా. ఆ మాట గొంతులో అడ్డం పడింది. దాన్ని చేత్తో లాగినట్టు బయటికి లాగింది.

"వెళ్ళు," అంది.

చెల్లెలు ఆగింది. "అంతేనా అక్కా?"

"అంతే. వెళ్ళు."

చిట్టి జడలోంచి నీళ్ళు కారడం ఆగిపోయింది. పిల్ల ఒక్కసారి దగ్గి, నీళ్ళు కక్కి, గుక్కపట్టి ఊపిరి తీసుకుంది. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఒడ్డుకు వచ్చారు. నర్సు తువ్వాలు చుట్టి చిట్టి వీపు రుద్దుతూ కూర్చుంది. ఎండ మళ్ళీ కాస్తోంది. ఇసుక మీద వాళ్ళ నీడలు జానెడు పొడుగున పడ్డాయి.

"పెద్దమ్మా," అంది చిట్టి తన సొంత గొంతుతో. "అమ్మ మాట్లాడింది కదా. ఏమంది?"

"వస్తానంది."

"నువ్వేమన్నావు?"

"వెళ్ళమన్నా."

చిట్టి ఆమె మొహంలోకి చూసింది. "వెళ్ళి రమ్మనలేదా?"

"లేదు," అంది ఈత టీచరు. బాబాయి మీద, ఇంజనీరు మీద, నుదుటి రాత అన్న ప్రతి నోటి మీద, ఆ రోజు వెనక్కి తిరగని తన మెడ మీద ఉన్న కోపాన్నంతా కూడదీసుకుని పళ్ళు బిగించి చూసింది. ఇరవై రోజుల్లో మొదటిసారి ఆమెకు కోపం చాలక ఏడుపొచ్చింది.